పెట్టె వెచ్చదనం, ఇంటి గాలి

గోదావరి జిల్లాల్లో పాట మీద ఇష్టమున్న ఏ ఇంట్లోనైనా కొత్త స్పీకర్ల మాటెత్తి చూడండి. అరవై దాటినవాళ్లెవరో ఒకరు "ఎన్నయినా చెప్పండి, మా నాన్నగారి వాల్వు రేడియో మోగినట్టు ఇవేవీ మోగవండీ" అని తేల్చేస్తారు. మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో. చెక్క పెట్టె, ముందు గుడ్డ, వెనక అట్ట, లోపల ఎర్రగా వెలిగే వాల్వులు. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని. గొంతు నిండుగా, వెచ్చగా వచ్చేది, ఇల్లంతా గాలాడినట్టు పరుచుకునేది. ఇప్పుడు లక్షలు పోసినా ఆ రెండు గుణాలూ ఒకచోట ఎందుకు దొరకవన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం వాళ్లనుకునేచోట లేదు.

మీడియం వేవ్ ప్రసారంలో 5 కిలోహెర్ట్జ్ పైన సరుకు దాదాపు ఉండదు. ఆ రేడియోలో ఉన్నది కాగితం కోను స్పీకరు ఒక్కటే. వెనక తెరిచి ఉన్న చెక్క పెట్టె 100 నుంచి 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం ఉబ్బెత్తుగా పలికేది. మగ గొంతుకి ఛాతీ, వీణకి బుర్ర, మృదంగానికి ఎడమ పక్క ఇచ్చేది ఆ మేరే. వెచ్చదనం అక్కణ్నుంచి వచ్చింది. ఇక గాలి సంగతి. తంబురా చుట్టూ ఆడే సన్నటి మెరుపు, తాళాల చివర తెగకుండా సాగే జాడ, గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు, ఇవన్నీ ఎక్కువగా 8, 10 కిలోహెర్ట్జ్ పైన ఉంటాయి. ఆ రేడియోకి అంత పైస్థాయి పలికే శక్తే లేదు. మరి గాలాడినట్టు ఎలా వినిపించింది? ఇల్లు ఇచ్చింది. మండువా లోగిలి ఇచ్చింది.

హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ గదుల్లో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో మొదటిసారి లెక్కగట్టినప్పుడు, శబ్దాన్ని పూర్తిగా మింగేదానికి కొలబద్దగా తీసుకున్నది తెరిచిన కిటికీని. బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. మండువా అంటే ఇంటి నడిబొడ్డున ఆకాశానికి తెరిచిన కిటికీ. ఎనిమిది అడుగులకి పది అడుగుల మండువా ఉంటే ఏడు చదరపు మీటర్ల పైచిలుకు. ఇది సన్నటి శబ్దాన్నీ మింగుతుంది, ఏ తివాచీకీ లొంగని లావు శబ్దాన్నీ మింగుతుంది. చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, పైన పెంకు, వాసాలు, ఎగుడుదిగుళ్లు. తిరిగొచ్చే కాస్త శబ్దమూ ముక్కలై, ఆలస్యంగా, నలుదిక్కుల నుంచీ వస్తుంది. చెవికి అదే విశాలం.

ఇప్పుడు రాజమండ్రి దానవాయిపేటలోనో, భీమవరంలోనో అపార్ట్‌మెంటు హాలు తీసుకోండి. 12 అడుగులకి 16, ఎత్తు 10. ఘనపరిమాణం సుమారు 54 ఘనపు మీటర్లు. గోడలు, నేల, స్లాబు కలిపి 88 చదరపు మీటర్లు. సిమెంటు పూత, విట్రిఫైడ్ టైల్సు తమ మీద పడ్డ శబ్దంలో నూటికి ఐదు పాళ్లు మింగితే గొప్ప. సబైన్ సూత్రంలో పెడితే సామాను లేని ఆ హాల్లో శబ్దం ఆరడానికి రెండు సెకన్లు పడుతుంది. సంగీతం హాయిగా వినాలంటే అర సెకను లోపు ఉండాలి. అంటే ఇంకో పద్నాలుగు, పదిహేను చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానమైన మెత్తదనం ఇంట్లోకి రావాలి. సోఫా, పరుపు, కర్టెన్లు కలిసి మహా అయితే అందులో సగం ఇస్తాయి. మిగతా సగం లేని హాల్లో ఏ కంపెనీ స్పీకరు పెట్టినా చప్పట్లు కొట్టినట్టు గణగణమంటుంది. దాన్ని యజమాని స్పీకరు తప్పనుకుంటాడు, స్పీకరు మార్చి యాంప్లిఫైయర్ తప్పనుకుంటాడు, ఆఖరికి వైర్ల మీద పడతాడు.

లావు శబ్దం గొడవ వేరు. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అల పొడవులో సగం సరిగ్గా ఇమిడే స్వరాన్ని గది తనంతట తానే పెంచుతుంది. పై హాల్లో పొడవుకి 35 హెర్ట్జ్, వెడల్పుకి 47, ఎత్తుకి 57. మూడూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఫరవాలేదు. అదే పదికి పది పడగ్గది అయితే, ఎత్తూ పదే, మూడూ వచ్చి 57 దగ్గర కూర్చుంటాయి. వీణ అనుమంద్రం తీగ 60 హెర్ట్జ్ చుట్టుపక్కల పలుకుతుంది. ఆ తీగ మీటినప్పుడల్లా గదంతా బొంయ్‌మంటుంది. దాన్నే వెచ్చదనం అనుకుని మురిసేవాళ్లున్నారు. ఆ మురిపెం రెండు పాటలు నిలవదు, మూడోదానికి తలనొప్పి. మనవాళ్లకి వాస్తు పట్టింపు ఉంది కాబట్టి ఇంకోమాట: బరువు నైరుతిలో ఉండాలని స్పీకర్లని మూలకి నెట్టకండి. మూల అంటే రెండు గోడలూ నేలా కలిసే చోటు, బాసు అక్కడ విపరీతంగా పెరుగుతుంది. నైరుతిలో బీరువా పెట్టుకోండి, స్పీకరు గోడకి రెండడుగులైనా ముందుకి లాగండి. వాస్తు పురుషుడికి అభ్యంతరం ఉండదనే నా నమ్మకం.

మెత్తదనం కోసం పట్నం నుంచి నురుగు పలకలు తెప్పించుకోనక్కర్లేదు. కోనసీమ కొబ్బరి పీచుంది. పరుపుల కోసం చేసే రబ్బరు పట్టించిన పీచు షీటు నాలుగంగుళాల మందంలో చెక్క ఫ్రేములో బిగించి, పైన చేనేత గుడ్డ తొడిగితే మంచి పలక తయారవుతుంది. బూరుగు దూది పరుపు గోడకి ఆనించినా పనిచేస్తుంది, అందం సంగతి ఇంట్లోవాళ్లతో తేల్చుకోవాలి. ఒకటి గుర్తుంచుకోవాలి. పల్చటి కర్టెను, అరంగుళం తివాచీ మింగేది సన్నటి శబ్దాన్నే. వాటితోనే హాలంతా కప్పేస్తే గాలి చచ్చిపోతుంది, బొంయ్‌మనేది అలాగే ఉంటుంది. మందం ఉండాలి, మూలల్లో మరీ ఉండాలి. పుస్తకాల అల్మరా లాంటి ఎగుడుదిగుడు వస్తువు స్పీకర్ల ఎదురుగోడకి చేరిస్తే మండువా చేసిన పనిలో కొంత చేస్తుంది.

గది కాస్త దారికొచ్చాక స్పీకరు. ఇక్కడ ప్రపంచమంతా రెండు మూడు మతాలుగా చీలి ఉంది. మొదటిది బీబీసీ మతం. బయటి ప్రసారాల వ్యానుల్లో, ఇరుకు గదుల్లో గొంతుని సహజంగా వినడానికి 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న పెట్టె తయారుచేశారు. రోజర్స్, స్పెండర్, హార్బెత్ లాంటి కంపెనీలు లైసెన్సు మీద చేసి అమ్మాయి. పెట్టె చిన్నది కాబట్టి లోతైన బాసు లేదు. ఆ లోటు తెలియకుండా 100 హెర్ట్జ్ పైన కొంచెం పొంగు. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే చెవి అన్నిటికంటే ఎక్కువగా నొచ్చుకునే చోట, ఈ వంశం స్పీకర్లలో చాలావాటికి కాస్త వినయం. ఈ వినయమే అసలు కిటుకు. మధ్యలో గీరుడు తగ్గితే కింది నిండుతనమూ పై మెరుపూ రెండూ వాటంతటవే బయటపడతాయి. బాసు, ట్రెబుల్ రెండూ పెంచి అదే ఫలితం తెద్దామనుకుంటే కిందది బురద, పైది గాజుపెంకు.

రెండోది కొలతల మతం. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో, తర్వాత హార్మన్‌లో ఫ్లాయిడ్ టూల్ తెర వెనక స్పీకర్లు పెట్టి, పేరు చెప్పకుండా వినిపించి, ఏళ్ల తరబడి జనం ఇష్టాలు నమోదు చేశాడు. ఎదురుగా సమంగా పలుకుతూ, పక్కలకి పోయే శబ్దం కూడా అదే తీరులో ఒద్దికగా తగ్గే స్పీకర్నే ఎక్కువమంది మెచ్చారు. గాలి రహస్యంలో పెద్ద పాలు ఇదే. మనం వినేదాంట్లో సగానికి సగం గోడల మీదినుంచి తిరిగొచ్చిందే కాబట్టి, పక్కలకి పోయేది వంకరగా ఉంటే తిరిగొచ్చేదీ వంకరే. ఎనిమిదంగుళాల వూఫరు 2 కిలోహెర్ట్జ్ దాటాక టార్చిలైటులా ముందుకే కొడుతుంది. అలాంటి వూఫర్ని 3 కిలోహెర్ట్జ్ దాకా లాగి అక్కడ ట్వీటరుకి అప్పగించిన చవక స్పీకర్లలో గాయని కుర్చీకి ఎదురుగా ఉన్నంతసేపే బాగుంటుంది, పక్క కుర్చీలో కూర్చుంటే గొంతు పూడుకుపోతుంది. కొనేటప్పుడు పక్కకి జరిగి వినడం ఖర్చులేని పరీక్ష.

మూడోది హారన్లు, ఫుల్‌రేంజ్ కోన్ల మతం. ఒకే కోనుతో అన్నీ పలికించడం, తక్కువ వాట్లకే గట్టిగా మోగడం. మనదేశంలోనూ ఈ దారి పట్టినవాళ్లున్నారు: కొచ్చిలో రెథమ్, ఢిల్లీలో లిరిటా. ఒంటరి గొంతు, ఒంటరి వయొలిన్ వీటిలో ఎదుట కూర్చున్నట్టే ఉంటుంది. సన్నాయి మేళం పెట్టగానే కొన్ని కేకలేస్తాయి. కీరవాణి ఆర్కెస్ట్రా పాటకి సరిపోవు. నా ఓటు బీబీసీ పద్ధతికీ కొలతల పద్ధతికీ మధ్య ఎక్కడో పడుతుంది: ఆరున్నర లేదా ఎనిమిదంగుళాల కాగితం లేక పాలీప్రొపిలీన్ కోను, గుడ్డ డోము ట్వీటరు, కాస్త వెడల్పు ముఖం. 2019లో వార్ఫ్‌డేల్ మళ్లీ తెచ్చిన లింటన్ ఈ ఆలోచనకి దగ్గరది. మూడు స్పీకర్ల పెట్టె కావడంతో ఎనిమిదంగుళాల వూఫరుకి మధ్యస్థాయి భారం లేదు. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ స్పీకర్లని మనవాళ్లు స్వదేశీ అని చిన్నచూపు చూస్తారు గానీ, విన్నాక మాట్లాడటం మంచిది.

పరీక్షకి పాటలు డెల్టా దాటి వెతకనక్కర్లేదు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ మంద్రస్థాయికి దిగినప్పుడు గొంతుకి ఒళ్లుండాలి, ఉబ్బు ఉండకూడదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు, వీళ్ల వీణలో మీటు తగిలిన క్షణం, తర్వాత బుర్రలోంచి వచ్చే నాదం విడివిడిగా తెలియాలి. మీటు ఒక్కటే వినిపిస్తే స్పీకరు సన్నం, నాదం ఒక్కటే వినిపిస్తే మొద్దు. పెళ్లి సన్నాయి రెండు నిమిషాలు గట్టిగా పెట్టి చూడండి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర స్పీకరు నైజం మొత్తం అక్కడే తేలిపోతుంది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి పాటలు జనసమ్మర్దానికి: కోరస్, తీగవాయిద్యాలు, డప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు ముద్ద కాకూడదు.

పాత సినిమా పాటల దగ్గర ఆశ తగ్గించుకోవాలి. గోదావరి మీద తీసిన 1964 నాటి మూగమనసులు పాటలైనా, అంతకుముందువైనా మద్రాసు స్టూడియోల్లో మోనోలో పట్టినవి. అప్పటి చాలా రికార్డింగుల్లో పైస్థాయి చాలా పల్చన. అక్కడ లేని గాలిని ఏ ట్వీటరూ పుట్టించలేదు. మెరుపు ఎక్కువున్న స్పీకరు వాటిలో ఉన్న సర్రుమనే చప్పుడునే పెద్దది చేసి చూపిస్తుంది. తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా సింహాసనం 1986లో ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది, ఇళ్లలో స్టీరియో రుచి పెరిగింది కూడా దాదాపు ఆ కాలంలోనే. ఘంటసాల కోసమే స్పీకర్లు కొనేవాళ్లు గాలి గురించి వదిలేసి మధ్యస్థాయి బాగున్నదే కొనుక్కోవాలి. నిష్ఠూరంగా ఉన్నా నిజం అదే.

ఇక యాంప్లిఫైయర్. వాల్వు అంటే వెచ్చదనం అన్న నమ్మకం వెనక కొంత భౌతికశాస్త్రం ఉంది. ఫీడ్‌బ్యాక్ లేకుండా నడిచే 300బీ లాంటి వాల్వు సెట్టుకి అవుట్‌పుట్ దగ్గర రెండు ఓముల వరకూ సొంత నిరోధం ఉంటుంది. ఎనిమిది ఓములని రాసి ఉన్న స్పీకరు నిజానికి స్వరాన్ని బట్టి నాలుగు నుంచి ఇరవై దాకా ఊగుతుంది. ఈ రెండూ కలిస్తే నాలుగు ఓములున్న చోటికీ ఇరవై ఉన్న చోటికీ దాదాపు 2.7 డెసిబెల్స్ తేడా వస్తుంది. అంటే వాల్వు సెట్టు తనకి తెలియకుండానే ఒక టోను కంట్రోలు, దాని మర స్పీకరు చేతిలో ఉంటుంది. ఒక స్పీకరుతో తేనె, ఇంకోదానితో జిగురు. 1985లో బాబ్ కార్వర్ అనే అమెరికా ఇంజనీరు తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్‌ని రెండు రోజుల్లో సవరించి, ఖరీదైన వాల్వు సెట్టులాగే మోగేలా చేసి, స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులకి వినిపించాడు. వాళ్లు తేడా పట్టలేకపోయారు. వాల్వు రుచి దైవదత్తం కాదనడానికి అది చాలు.

వాట్ల లెక్క కూడా చిన్నదే. 85 డెసిబెల్స్ సున్నితత్వమున్న స్పీకర్లు, మూడు మీటర్ల దూరం, మామూలు ఇంటి వాల్యూము, మధ్యమధ్య మృదంగం దెబ్బలు. పాతిక వాట్లు సరిపోతాయి, యాభై ఉంటే నిశ్చింత. ఎనిమిది వాట్ల 300బీకి అవి బరువు. 92 డెసిబెల్స్ స్పీకరుకి అదే సెట్టు బాగానే సరిపోతుంది. నాలుగు ఈఎల్34 వాల్వుల స్టీరియో ఊరికే వెలుగుతున్నా సుమారు 150 వాట్ల వేడి గదిలోకి వదులుతుంది. మే నెలలో, రాజమండ్రిలో, నలభై డిగ్రీల మధ్యాహ్నం. కావలసినవాళ్లు కొనుక్కోండి, డిసెంబరులో ఆనందించండి. నా సలహా మాత్రం బాసు, ట్రెబుల్ మరలున్న యాభై, అరవై వాట్ల మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్. యమహా, మరాంట్జ్, డెనాన్, నాడ్, ఏదైనా ఒకటి. కొత్త క్లాస్-డీ రకాల్లో మంచివి చల్లగా ఉంటాయి, నిశ్శబ్దంగా ఉంటాయి. 200 హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ పెంచి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు తగ్గించే ఈక్వలైజర్ ఫోన్లోనే ఉంది. వాల్వు కొనేముందు వారం రోజులు అదొకటి చేసి చూడండి. చాలామందికి అక్కడితో తీరిపోతుంది.

డెల్టా గాలి తేమది కాబట్టి సౌండు మొద్దుబారుతుందని ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. తిరగేసి చెప్పాలి. పొడి గాలి కంటే తేమ గాలే సన్నటి శబ్దాన్ని తక్కువగా మింగుతుంది, పైగా మూడు మీటర్ల దూరంలో అదేమంత లెక్కలోది కాదు. తేమ కొట్టేది వస్తువుని. కోను చుట్టూ నురుగు అంచున్న స్పీకర్లు ఇక్కడ తొందరగా పొడిపొడిగా రాలిపోతాయి. రబ్బరు అంచువే కొనాలి. అంతర్వేది, ఉప్పాడ, నరసాపురం పక్కల ఉప్పుగాలికి పిన్నులు, సాకెట్లు చిలుం పడతాయి, అప్పుడప్పుడు పీకి తుడిచి పెట్టాలి. స్పీకరు వెనక బాసు గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టేస్తుంది, సన్నటి వల అడ్డం పెట్టండి. యాంప్లిఫైయర్ వెచ్చదనాన్ని మనకంటే ఎక్కువ ప్రేమించేవి బల్లులు. లోపలికి దూరి రెండు టెర్మినళ్ల మధ్య పడుకుంటే బల్లికీ సెట్టుకీ ఒకేసారి అంత్యక్రియలు.

కరెంటు 230 ఉండాల్సినచోట 190కి పడితే యాభై వాట్ల యాంప్లిఫైయర్ ముప్ఫయి నాలుగు వాట్లదవుతుంది. అది పెద్ద నష్టం కాదు. చవక ఇన్వర్టరు ఇచ్చే చదరపు అలకి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది, పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు స్పీకర్లో జుయ్‌మంటుంది. సైన్‌వేవ్ ఇన్వర్టరు, స్టెప్పుల రెగ్యులేటరు పెట్టుకుంటే రెండూ పోతాయి. ఫ్యాను చప్పుడు మాత్రం పోదు. తంబురా మెరుపు దానికింద మునిగిపోతుంది. గాలి వినాలంటే గాలి ఆపాలి, మన ఊళ్లలో అది కార్తీకం నుంచి మాఘం దాకా కుదురుతుంది.

కొనే దగ్గర మనకో ఇబ్బంది ఉంది. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు షాపుల్లో ఎక్కువగా దొరికేవి టీవీ కింద పెట్టే సౌండ్‌బార్లు, హోమ్ థియేటర్లు, లేకపోతే సంక్రాంతికీ ప్రభల తీర్థాలకీ డీజేలు కొనే పెద్ద బాసు పెట్టెలు. హైఫై వినాలంటే హైదరాబాదో చెన్నైయో వెళ్లాలి. వెళ్లినప్పుడు మీ పాటలు మీరే పట్టుకెళ్లండి. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూము సమం చేయించండి, ఒక్క డెసిబెల్ గట్టిగా మోగిందే చెవికి మేలుగా తోస్తుంది, అమ్మేవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. లౌడ్‌నెస్ బటన్ ఆపించండి. ఇంటికి తెచ్చుకుని వారం విని తిరిగిచ్చే వీలుంటే అంతకంటే మంచి బేరం లేదు.

డీజేల వల్ల మనకి ఒక మేలు జరిగింది. ఊరూరా స్పీకర్ బాగుచేసేవాళ్లు మిగిలారు. కాయిల్ కాలిపోతే కొత్తది చుట్టి దించుతారు, కోను చిరిగితే కొత్త కోను అతికిస్తారు. అయస్కాంతం సందులో కాయిల్ చుట్టూ నాలుగు పక్కలా ఫిల్మ్ ముక్కలు దోపి, కోనుని సరిగ్గా నడిమికి తెచ్చి, జిగురు ఆరాక ఆ ముక్కలు ఒక్కొక్కటే లాగేస్తారు. వెంట్రుకవాసి పక్కకి జరిగితే గర్రుమంటుంది. పాత వార్ఫ్‌డేలో సోనోడైనో సెకండ్‌హ్యాండులో దొరికితే, కొనేముందు ఈ పరీక్షలు మీరే చేయండి. రెండు బొటనవేళ్లు కోనుకి అటూ ఇటూ ఆనించి సమంగా లోపలికి నొక్కి వదలండి, గరుకు తగలకూడదు. అంచు గోరుతో తాకితే పొడి రాలకూడదు. ట్వీటరుకి చెవి ఆనించి రెండు పక్కలా ఒకేలా పలుకుతోందో లేదో చూడండి. అంచు ఒక్కటే పోయి ఉంటే బేరం తగ్గించి తీసుకోండి. రబ్బరు అంచు వేయించడం పెద్ద ఖర్చు కాదు, వేసేటప్పుడు పాతదాని మందమే చూసి వేయమని మాత్రం గట్టిగా చెప్పండి, డీజే పెట్టెలకి వేసే బిగువు అంచు వేస్తే బాసు పోతుంది.